ఆరో అధ్యక్షుడి కోటు

మా అమ్మాయికి అమెరికా ఆరో అధ్యక్షుడు పడ్డాడు. అది రెండువేల ఇరవై ఒకటి, బడి ఇంకా ఇంట్లోంచే నడుస్తున్న రోజులు. షార్జాలో దాని అమెరికన్ సిలబస్ బడిలో ఏటా ఒక వేడుక ఉంటుంది. పిల్లలు చరిత్రలోని పెద్దల వేషాలు వేసుకుని బొమ్మల్లా బిగుసుకుని నిలబడతారు. టీచర్ పిలవగానే ప్రాణం వచ్చినట్టు కదిలి, "నేను" అంటూ ఆ పెద్దమనిషి కథ చెబుతారు. మన బొమ్మల కొలువే, కాకపోతే బొమ్మలు మాట్లాడతాయి. ఆ ఏడు అదంతా కంప్యూటర్ తెరమీదే.

"మొదటాయన్ని వేరే పిల్లకిచ్చారు. నాకేమో ఓడిపోయినాయన" అని ఒకటే ఏడుపు.

"ఓడినా అధ్యక్షుడే కదే, ఊరుకో" అన్నాను. అసలు నా మనసే బాగాలేదు. మావారు దుబాయ్‌లో, అల్ ఖూజ్ అనే చోట ఒక గోడౌన్‌కి మేనేజర్‌గా చేసేవారు. అక్కడందరికీ ఆయన ముదీర్ సాబ్. కరోనా దెబ్బకు కంపెనీ మూతపడింది, వీసా రద్దయింది. గడువులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ముగ్గురం సామాను సర్దుకోవాల్సిందే. ఆయన నల్లకోటు వేసుకుని మేనేజర్ పోస్టులకే తిరిగొస్తున్నారు. తనంతట తానుగా వచ్చిన పని ఒక్కటే. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన కడప భాయ్ వేరే గోడౌన్‌లో ఇన్‌చార్జి అయ్యాడు. స్టోర్ కీపర్‌గా రమ్మని ఫోన్ చేశాడు.

"చిన్న పనేలేన్నా, నాకూ తెల్సు. వీసా ఇస్తారు, వదినా పాపా ఈడే ఉండొచ్చు. యల్లా, వచ్చెయ్‌న్నా."

ఆయన ఫోన్ పెట్టేసి, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. కొత్తది ఎక్కణ్ణించి తెస్తాం?" అన్నాను.

ఈలోగా అమ్మాయి వేషం నా మెడకు చుట్టుకుంది. బట్టతలకు ఈత టోపీ, చెంపలకు దూది దొరికాయి. కోటు మాత్రం ఇంట్లో ఒక్కటే ఉంది, మావారిది. చేతులు లోపలికి మడిచి వదులుగా కుట్టేశాను. మళ్ళీ ఇంటర్వ్యూ వస్తే విప్పేయొచ్చు కదా అనుకున్నాను.

అది హాల్లో సోఫా ఎక్కి రోజూ అప్పజెప్పేది. "మా నాన్న కూడా అధ్యక్షుడే. చిన్నప్పుడే ఆయనతో ఓడెక్కి పరాయి దేశాలు వెళ్ళాను. పెద్దయ్యాక రాయబారినయ్యాను, అధ్యక్షుణ్ణయ్యాను. రెండోసారి ఓడిపోయాను. తర్వాత మామూలు సభ్యుడిగా సభకు వచ్చాను. బానిసల తరఫున వచ్చిన అర్జీలు చదవొద్దన్నారు. చదువుతానని పోట్లాడాను. చివరికి ఆ సభలోనే కుప్పకూలాను."

జనం వేషం వాళ్ళ నాన్నకిచ్చింది. ఆయన అనాల్సింది ఒక్క మాటే: "అంత పెద్ద కుర్చీలో కూర్చున్నవాడివి, ఇక్కడ కూర్చోడానికి సిగ్గులేదా?"

ఆయన "అంత పెద్ద కుర్చీలో" అని ఆగిపోయారు. నేను వంటింట్లోంచి చూస్తూ ఉన్నాను.

"అను నాన్నా!"

ఆయన ఆ మాట అనలేదు. "మొదటిరోజు ఆ సభకు వెళ్ళడానికి ఆయనకు భయం వేయలేదా అమ్మా?" అని అడిగారు.

అది తెల్లమొహం వేసింది. "అది నేను రాసుకోలేదు నాన్నా. వేసే ఉంటుందిలే. అయినా వెళ్ళాడు కదా! సరే, నీ డైలాగ్ చెప్పు."

ఆయన నవ్వేశారు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు.

వేడుక బాగానే జరిగింది. మధ్యలో ఒక చెంప దూది ఊడిపోయినా అది ఆగలేదు. అయ్యాక నేను బ్లేడు పట్టుకుని కోటు ముందేసుకుని కూర్చున్నాను.

"కుట్లు విప్పకు" అన్నారాయన. "భాయ్‌కి ఫోన్ చేశాను. వారం మొదలవగానే, ఆదివారం నుంచి వెళ్తున్నా. గోడౌన్‌లో కోటెందుకు?"

నేను బ్లేడు పక్కన పెట్టి, ఆ కోటులోనే మొహం దాచుకుని ఏడ్చేశాను.

ఆయన ఇప్పటికీ ఆ గోడౌన్‌కే వెళ్తున్నారు. మొన్న బళ్ళో డిబేట్ ఉందని అమ్మాయి అలమరాలోంచి ఆ కోటు తీసి, నా కుట్లు తనే విప్పుకుంది. భుజాలు కాస్త వదులేగానీ, చేతులు సరిగ్గా సరిపోయాయి.