తెరిచిన పాతర

ఆ రోజుల్లో కోయిలకుంట్ల పక్క పల్లెల్లో పిల్లనిచ్చేవాళ్లు మిద్దెను చూసేవాళ్లు కాదు, పాతర ఉందా అని అడిగేవాళ్లు. నాగలక్ష్మమ్మ ఇంటి ముందర ఉండేది పాతర. నిలువెత్తు గొయ్యి. చుట్టూ చొప్ప పరిచి, ఇరవై మూటల జొన్నలు పోసి, పైన బండ వేసి మన్ను కప్పేవాళ్లు. తెరిస్తే మాత్రం మొత్తం తోడెయ్యాల్సిందే. గాలి తగిలిన పాతరను మళ్లీ మూస్తే గింజ ముక్కిపోతుంది. అందుకే కరువొస్తే తప్ప దాని జోలికి పోయేవాళ్లు కాదు. మొగుడు పోయినప్పటినుంచి ఆ తల్లి దాని మీదే మంచం వేసుకుని పడుకునేది. అంత నిశ్చింతగా నిద్రపోయే మనిషిని ఇప్పుడొకరిని చూపించండి చూద్దాం!

కొడుకు మహానందికి సైకిలు పిచ్చి పట్టింది. నంద్యాలలో ఎవరో తొక్కుతుంటే చూసొచ్చాడు, అంతే, కూడు సయించలేదు.

"ఆరు మూటలమ్మితే వస్తాది మా. తక్కినవి మూసేస్తాం."

"నీ కాళ్లకేం రోగమొచ్చిందిరా? ఈ ఏడు వాన మొగమే సూడలేదు. దాని జోలికి పోవద్దు!"

ఆమె చెల్లెలి కాన్పుకని అవుకు పోయి, వారానికి తిరిగొచ్చింది. సైకిలు గుంజకు ఆనించి ఉంది. పాతర మీద మన్ను పచ్చిగా ఉంది. నాగలక్ష్మమ్మ మనుషులను పిలిచింది. బండ తీయించి చెయ్యి పెడితే గింజలు అప్పటికే వెచ్చబడ్డాయి.

"తినే గింజనమ్మి తొక్కే ఇనుము తెచ్చినావు కదరా!" అని నోరు నొప్పి పుట్టేదాకా తిట్టింది. జొన్నలు తోడించి ఎండబోయించింది. ఇంట్లో గాదెకు రెండు మూటలే పట్టాయి. మిగతావి వీధివాళ్లను పిలిచి తలా ఇంత పంచింది.

"మీ బానల్లో దాయండమ్మా, వేపాకు కలిపి."

మరుసటేడూ వాన రాలేదు. పందొమ్మిది వందల యాభై రెండు, కరువుకు సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కాలం. గాదె ఊడ్చుకుపోయింది. మహానంది సైకిలు అమ్ముదామని ఊరూరా తిరిగాడు. "ఇనుము ఉడకేసుకుని తాగల్లనా అప్పా?" అన్నారు జనం.

ఇచ్చినవాటిని అడగడానికి నాగలక్ష్మమ్మకు నోరు రాలేదు. ప్రతి ఇంట్లో పసిపిల్లలే, ఎప్పుడో తినేసి ఉంటారు, తప్పేముంది? రెండు రోజులు పొయ్యి వెలగక, సిగ్గు చంపుకుని పక్కింటి లక్ష్మక్క గడప తొక్కింది.

"పిడికెడన్నా మిగిలినాయా లక్ష్మక్కా?"

లక్ష్మక్క లోపలికి తీసుకుపోయింది. మూలన రెండు బానలు, మూతులకు పేడతో మెత్తిన మెత్తు చెక్కు చెదరలేదు. బయట అరుగు మీద ఆమె పిల్లలు ముగ్గురూ గంజి తాగిన ముంతలో వేళ్లు పెట్టి నాకుతున్నారు.

"నీ పాసుగూల, పిల్లోళ్లకన్నా పెట్టకపోతివే!" అని తిట్టింది నాగలక్ష్మమ్మ.

"దాయమంటివి కదొదినా," అంది లక్ష్మక్క. "తినమని సెప్పలేదే."

నాగలక్ష్మమ్మ ఆ బానల ముందర కూలబడి బోరున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, మెత్తు పగలగొట్టింది.

"పొయ్యి రాజెయ్యి తల్లీ. పిల్లోళ్లను పిలువు."