దోనాలికి శాలువా

హరిలాల్ సారు ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని చూడడు, గోడల్ని చూస్తాడు. గోడకు రెండు గొట్టాల తుపాకి వేలాడుతోందా లేదా, అంతే ఆయనకు కావలసింది. మా వైపు దాన్ని దోనాలి అంటారు. అందులోనూ నాటుది పనికిరాదు, ఇంగ్లండుదైతే మొహం చిట్లిస్తాడు. వందేళ్ల కిందట అమెరికాలో పుట్టిన దోనాలి కావాలి. పార్కర్, ఇథాకా, ఫాక్స్ అని ఆ కంపెనీల పేర్లు చెప్తుంటే మేనబావల్ని తలుచుకుంటున్నాడేమో అనిపిస్తుంది.

సారు బయ్యారం పక్క తండా మనిషి. సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. సొంత తుపాకి లేదు సరికదా, దీపావళికి రీలు తుపాకి కూడా ఏనాడూ కొనలేదు. ఆయన సేకరించేది తుపాకుల చరిత్రలు. గొట్టాల అడుగున కొట్టిన ముద్రల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దుకొస్తాడు. ఆ నంబరు పట్టుకుని అది ఏ ఏడు తయారైందో, ఏ ఓడలో బొంబాయి దిగిందో, ఏ దొర చేతి నుంచి ఏ పటేలు చేతికొచ్చిందో అల్లుకుంటూ పోతాడు. ఆయన భార్య రామి అక్క ఒకసారి నాతో మొరపెట్టుకుంది.

"అమెరికా తుపాకి పుట్టిన సంవత్సరం చెప్తడు తమ్మీ. నేను పుట్టింది ఎప్పుడో చెప్పమను జర."

సారు గోడవైపు చూశాడు. ఆ గోడకు క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

ఇక నా ఖర్మ గురించి. నా పేరు వేణు, మానుకోటలో నాదొక ఫొటో స్టూడియో. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మాకందరికీ అది మానుకోటే. పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వచ్చిన సారు, నా కెమెరా చిన్న చిన్న ముద్రల్ని కూడా అచ్చుగుద్దినట్టు తీస్తుందని కనిపెట్టి, ఆ రోజు నుంచి నన్ను వదిలితే ఒట్టు. జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో ఆయన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని నేను తిరగని ఊరు లేదు. పెట్రోలు నాది, చరిత్ర ఆయనది.

ఒకసారి భూపాలపల్లి దగ్గర ఎవరో పెద్దాయన పెద్దకర్మకు వెళ్లాం. పోయినాయన తుపాకి పట్టుకుని దిగిన ఫొటోకు దండ వేసి పెట్టారు. సారు దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కదలకుండా చూస్తున్నాడు. ఇంత ప్రేమా అని ఇంటివాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. పెద్దకొడుకు వచ్చి ఓదార్చబోతే సారు మెల్లగా అన్నాడు గదా, "జర గీ దండ పక్కకు జరుపు నాయినా, గొట్టం కనవడ్తలేదు."

ఇంకోసారి దవాఖానలో గుండెనొప్పి మనిషిని పలకరించడానికి వెళ్లి, "మీ దోనాలికి తూటాను కొట్టే సుత్తులు బయటికుంటయా, లోపలికుంటయా?" అని అడిగాడు. నర్సు తిట్టింది. పేషెంటు మాత్రం దిండు వెనక్కి జరుపుకుని లేచి కూర్చుని, తాత నాటి వేట ముచ్చట్లు మొదలుపెట్టాడు. అన్నం కూడా అడిగి తిన్నాడని తర్వాత తెలిసింది.

ఇదంతా నేను భరించాను. నాకు మింగుడుపడనిది మరొకటుంది. సారు ప్రతి తుపాకినీ ఒళ్లో పెట్టుకుని, నడిమికి వంచి తెరిచి, గొట్టాల్ని వెలుతురుకు పట్టి చూసి, గొంతు తగ్గించి ఒకటే మాట చెప్పేవాడు: "మూడు జిల్లాలల్ల గిసొంటిది గిదొక్కటే. ఒక్క తూటా పేల్చినా దీని ఇజ్జత్ పోతది." ఇంటాయన ఛాతీ పొంగేది. వారం తిరక్కుండా తుపాకికి అద్దాల పెట్టె తయారయ్యేది.

బాగానే ఉంది. కానీ ఫొటోలన్నీ నా కంప్యూటర్లోనే ఉన్నాయి కదా! బయ్యారంలో చూసిందీ 'గిదొక్కటే', కాళేశ్వరం దారిలో చూసిందీ 'గిదొక్కటే', తరిగొప్పులలో చూసిందీ 'గిదొక్కటే'. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషికి ఈ అబద్ధాలేమిటని నాకు లోపల్లోపల మండేది. అడిగితే, "నువ్వు ఫొటో తియ్యి" అనేవాడు.

పోయిన దసరా మధ్యాహ్నం ఆ అబద్ధం ఎదురు తిరిగింది.

తరిగొప్పుల దగ్గరి పల్లె నుంచి శారదమ్మ, పండుగకు మా ఇంటికొచ్చిన సారుకు ఫోన్ చేసింది. ఆమె భర్త శ్రీశైలం పటేలు ఇంట్లో ఉన్నదీ 'గిదొక్కటే' అని సారు చెప్పిన దోనాలే. ఆ ఊళ్లో ఒకప్పుడు పటేలు జమ్మి దగ్గర తుపాకి పేలిస్తే తప్ప జనం ఆకు తెంపేవారు కాదట. పోలీసులు వద్దన్నాక ఆ ఆచారం పోయింది. ఇప్పుడు శ్రీశైలం పటేలుకు ఆవేశం వచ్చింది. మూడు జిల్లాల్లో లేని తుపాకి ఇంట్లో పెట్టుకుని పేల్చకపోవడమేమిటని వరంగల్ వెళ్లి కొత్త తూటాలు తెచ్చాడు. సాయంత్రం జమ్మి దగ్గర రెండు గొట్టాలూ ఒకేసారి పేలుస్తానని ఊరంతా చెప్పుకొచ్చాడు. శారదమ్మ మాట వినడం లేదు.

సారు ఎట్లయినా ఆపమని ఆమెకు చెప్పి, నా బండెక్కి కూర్చున్నాడు.

పండుగ పూట, ఇంట్లో మటన్ పొయ్యి మీద ఉండగా, ఒక తుపాకి పరువు కోసం అంత దూరం ఉరకాలా? దారంతా సణుగుతూనే ఉన్నాను. ఎప్పుడూ చెవులు తూట్లు పడేలా చరిత్ర చెప్పే మనిషి ఆరోజు ఇంకా జోరుగా పోనిమ్మని తొందరపెట్టాడు. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

మేం చేరేసరికి డప్పులతో జనం జమ్మి దగ్గరికి వచ్చేశారు. శ్రీశైలం పటేలు తెల్ల అంగీ వేసుకుని, బంతిపూల దండ చుట్టిన తుపాకిని ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. శారదమ్మ పక్కనే చేతులు నలుపుకుంటోంది. సారు జనాన్ని తోసుకుంటూ వెళ్లి మైకు లాక్కున్నాడు.

మొదలుపెట్టాడు. అమెరికాలో ఆ తుపాకి పుట్టిన కార్ఖానా దగ్గర నుంచి, ఓడ, బొంబాయి రేవు, హైదరాబాదు దుకాణం, పటేలు తాతగారి పౌరుషం దాకా. జనం ఆవలించారు. పటేలు మాత్రం తుపాకి దించి వింటున్నాడు. ప్రతి వాక్యంలోనూ తన వంశం ఉంటే ఎలా ఆపుతాడు? అయినా వేలు ట్రిగ్గరు దగ్గరే ఉంది. పొద్దు వాలుతోంది. కథ అయిపోవచ్చింది, తుపాకి మళ్లీ లేచింది.

సారు గొంతు సవరించుకున్నాడు.

"పటేలా, ఒక్క మాట. నేను బడిల కొలువు చేసి రిటైరైన. నాకు శాలువా కప్పిండ్రు, దండేసిండ్రు. మర్నాడు ఎవలన్న వచ్చి పాఠం చెప్పమన్నరా? అనలే. గీ దోనాలి మీ తాతకు చేసింది, మీ నాయినకు చేసింది. దీనికి రిటైర్మెంటు వద్దా? ఇన్నేండ్ల సర్వీసుకు గంత ఇజ్జత్ ఇయ్యలేమా?"

జనం ఒక్కసారిగా నిద్ర లేచారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో పింఛను ఎంతిస్తారని అరిచారు. రోజూ నూనె గుడ్డతో తుడవడమే పింఛనని సారు ప్రకటించాడు. శారదమ్మ అప్పటికే ఇంట్లోంచి కొత్త శాలువా తెప్పించి మడత విప్పుతోంది.

శ్రీశైలం పటేలు తుపాకి వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఇంత మంది ముందు తన తాతకు సన్మానం జరుగుతున్నట్టుంది ఆయనకు. మెల్లగా తుపాకిని వంచి తెరిచి, రెండు తూటాలూ తీసి సారు చేతిలో పెట్టాడు. గొట్టాలకు శాలువా కప్పి, దండ సర్దారు. డప్పులు మోగాయి. జనం జమ్మి ఆకు తెంపుకుని, ఒకరినొకరు కౌగిలించుకుని అలయ్‌బలయ్ ఇచ్చుకున్నారు. నేను సన్మాన గ్రహీతతో పటేలు ఫొటో తీశాను.

తిరుగు దారిలో పాలకుర్తి దగ్గర చాయ్ కోసం ఆగాం. నాకు ఉండబట్టలేదు. అసలు ఏమిటిదంతా అని నిలదీశాను. కెమెరాలో ఆ తుపాకి ఫొటో పెద్దది చేసి చూపించమన్నాడు. గొట్టం నడిమధ్య, పాము ఎలుకను మింగినట్టు, సన్నటి ఉబ్బు.

"గా కాలంల ఇనుప పట్టి, ఉక్కు పట్టి కలిపి మెలేసి అతికేటోళ్లు. అప్పటి నల్ల తుపాకిమందు జోరుకైతేనే అది ఆగుతది. ఇప్పటి తూటా ఏస్తే సీసా లెక్క పలుగుతది. నేను చూసినయన్ని అసొంటియే."

"మరి పలుగుతది, పేల్చకుండ్రి అని సీదా చెప్పొచ్చు గద సారూ?"

"మొదట్ల గట్లనే చెప్పిన. ఒకాయన, నాకేం భయమా అని నా ముంగటనే పేల్చిండు. దేవుని దయ, ఏం కాలే. భయమంటే పటేండ్లు ఆగరు వేణూ. గొప్పదంటే ఆగుతరు." చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు. "మా బాపు పూల్‌సింగ్ ఒక పటేలు చేన్ల అడవిపందులకు కావలుండె. తుపాకి పటేలుది, చెయ్యి మా బాపుది. బతికినన్ని రోజులు ఎడమచేత్తోనే తిన్నడు."

నా కోపమంతా ఎటు పోయిందో తెలీదు. పటేలు రెండు చేతులూ క్షేమంగా ఉన్నాయి, ఇంటికి వెళ్లి రెండు చేతులా పండుగ చేసుకుంటాడు. ప్రాణం హాయిగా ఉంది. ఇంకో రెండు చాయ్‌లు చెప్పాను.

అంతలో శారదమ్మ ఫోన్. సారు స్పీకరు పెట్టాడు.

"సారూ, మా ఆయన శాలువా తీయకుండనే పెట్టెల పెట్టి తాళమేసిండు. గా గొట్టం ఉబ్బు నేనెప్పుడో చూసిన. మీరు గిదొక్కటే అని చెప్పేటిది ఎందుకో కూడ నాకు తెలుసు. ఇగో, భూపాలపల్లి కాడ మా పెద్దన్న దగ్గర ఇంకోటున్నది, పందులను కొడ్త అంటున్నడు. మా ఆయనకంటే ఆయనకు జర ఎక్కువనే చెప్పాలె, గొప్పలంటే పడి చస్తడు."

సారు ఫోన్ జేబులో పెట్టుకుని, శాలువాలు ఎక్కడ దొరుకుతాయని చాయ్ దుకాణం ఆయన్ను అడిగాడు. పండుగ కదా, ఇవాళ ఏ కొట్టూ తీసి ఉండదన్నాడు ఆయన.

"రేపు పొద్దుగాల తీస్తరా?" అన్నాడు సారు, నా వైపు చూస్తూ.