థర్మోకోల్ పెట్టెలూ, మా క్రిస్మస్ గోలా

మా ముగ్గురికీ వాయించడం సరిగ్గా రాదు. వచ్చినట్టు నటించడం అసలే రాదు. అందుకే మా బ్యాండుది గ్యారేజ్ పంక్, అంటే షెడ్డుల్లో అరుచుకుంటూ వాయించే మొరటు రాక్, అని చెప్పుకున్నాం. నిజంగా గ్యారేజే లెండి, అరసవల్లిలో మా గిటారువాడి మేనమామ ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. డ్రమ్ములవాడు చర్చి క్వయర్లో పెరిగాడు. ఏటేటా క్రిస్మస్‌కి అవే మెత్తటి పాటలంటే వాడికి ఒళ్లుమంట.

"ఈపాలి ఊరు లెగిసిపోయీలాటి పాట ఎడదాం" అన్నాడు. పండగ పొద్దుటికల్లా పాట బయటికి రావాలి. పాడాల్సింది నేను.

"పాకలో పుట్టినోడా, పక్కకి జరుగు, మాకూ సోటియ్యి!" అని గొంతు చించుకోవాలి. నేను పాడితే బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచినట్టుండేది.

"అరవమంటే అడుక్కుంతన్నావేటే!" అని విసుక్కున్నాడు డ్రమ్ములవాడు.

ఎందుకు రాదో నాకు తెలుసు. మా అమ్మ చేపలమ్ముతుంది. కేకేస్తే నాలుగు వీధులకి వినిపిస్తుంది. నేను ఇంటర్లో ఉండగా ఓసారి మా కాలేజీ గేటు ముందు అలాగే కేకేసింది. నా స్నేహితురాళ్లు పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి, ఇంకోసారి ఆ రోడ్డులో నోరెత్తితే చదువు మానేస్తానన్నాను. ఆనాటి నుంచి పదేళ్లుగా అమ్మ ఆ రోడ్డులో నోరు మూసుకునే నడుస్తోంది. ఛీ, ఎంత పొగరు నాది! నేనూ గొంతు తగ్గించుకుని బతకడం నేర్చాను. ఇప్పుడు అరవమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈలోగా పక్క లాడ్జివాళ్లు గోలగా ఉందని గొడవకొచ్చారు. గోడకి థర్మోకోల్ కొడితే చప్పుడు ఆగుతుందని ఎవరో చెప్పారు. అమ్మ ఐసు వేసి చేపలు తెచ్చుకునే పెట్టెలు రెండు చెప్పకుండా పట్టుకెళ్లి, అడుగున మేకులు దిగ్గొట్టి గోడకి బిగించేశాం. చప్పుడూ ఆగలేదు, పాటా కుదరలేదు. పెట్టెలు పీకి, కన్నాలకి టేపు అంటించి ఇంట్లో ఎక్కడివక్కడ పెట్టేశాను.

మర్నాడే క్రిస్మస్ ముందురోజు. వంజరం చేప బాగా అమ్ముడుపోయే రోజని నేనూ సాయానికి వెళ్లాను. రేవు నుంచి చేపలతో మా ఆటో శ్రీకాకుళం చేరేసరికి మా కాళ్ల కింద నీళ్లు. ఐసంతా కరిగి కారిపోతోంది.

"ఓలమ్మో! ఎవలే ఈ కన్నాలెట్టినోలు?"

నేనేనని చెప్పాను. అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"ఎండెక్కితే సేపంతా పారబొయ్యాల. నానొక పెట్టి బజారుకట్టుకెల్తాను. రెండోది నువ్వు కాలేజీ రోడ్డులో అమ్ము. అక్కడ నాను అరవను గదా" అంది.

గేటు ముందు నిలబడి "చేపలండీ" అన్నాను. ఎవరూ తల తిప్పలేదు. పెట్టె కింద మడుగు పెద్దదవుతోంది. అమ్మ కష్టమంతా నా కళ్ల ముందే నీరైపోతోంది. నా మీద నాకే ఒళ్లు మండింది.

"వంజరమో! తాజా వంజరమో!"

అచ్చం అమ్మ గొంతే. గేటు దగ్గర కుర్రాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ! పదకొండు కాకముందే పెట్టె ఖాళీ అయింది.

అట్నుంచటే షెడ్డుకి పోయి, నీచు చేతులతోనే మైకు పట్టుకుని ఒక్కసారే పాడాను. గొంతు జీరబోయి మధ్యలో విరిగింది. మళ్లీ పాడతానంటే డ్రమ్ములవాడు ఒప్పుకోలేదు.

"రికార్డయినదాన్ని ముట్టుకున్నావంటే సంపేస్తాను" అన్నాడు.

పండగ పొద్దున్న పాట నెట్‌లో పెట్టేశాం. అమ్మకి ఫోన్లో వినిపించాను. ఆఖరిదాకా కదలకుండా విన్నది.

"ఇంత గొంతెట్టుకొని, ఆయేల నన్ను దేనికే నోరు ముయ్యమన్నావు?"

"సిగ్గేసిందమ్మా. తప్పయిపోనాది" అన్నాను. ఏడుపొచ్చేసింది.

అమ్మ నా వంక చూడలేదు. ఫోను నా చేతిలో పెట్టి "ఇంకోపాలి ఎట్టు" అంది.

ఆ ఆదివారం కొత్త పెట్టె పట్టుకుని ఇద్దరం బయల్దేరాం. కాలేజీ గేటు దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ అమ్మ నోరు మూసుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది. నా మొహంలోకి ఓసారి చూసి, కేకేసింది.