మగ్గం చప్పుడులో చదివిన నాటకం

ధర్మవరంలో మా ఎదురింటి చిన్నాయన పోయారు. పోయిన నెల చిన్నమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆయన మాకు చుట్టం కాదు, పట్టుచీరలు నేసే మనిషి. అయినా నేనివాళ కుందుర్పి బడిలో తెలుగు పాఠం చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన పాత పద్యనాటకం ఒకటి ఉండేది. కాళ్లు మగ్గం గుంతలో, చేతులు పనిలో, ఇక పేజీ తిప్పేదెలా? అందుకని సాయంత్రాలు నన్ను పిలిచి చదవమనేవారు. ఆ చప్పుడులో వినబడాలని అరిచి చదివేదాన్ని. మీరు నమ్మరు గానీ, ఇప్పటికీ నా పాఠం పక్క తరగతికీ వినిపిస్తుందని తోటి టీచర్లు ఎగతాళి చేస్తారు.

తెలియని మాట వస్తే నేను ఆగేదాన్ని. ఆయన మగ్గం ఆపేవారు కాదు.

"నిలబడొద్దు పాపా. ఆ మాట ఇన్నంక ఎవురేం చేసినారో చూడు, అదే చెప్తాది" అనేవారు.

నిఘంటువు కొనివ్వమని మా నాయనను అడిగితే ఈయనే అడ్డుపడ్డారు. నాకు ఒళ్లు మండింది. కానీ నాలుగు పేజీలు తిరిగేసరికి ఆ మాట దానంతటదే లొంగేది.

ఒక్క మాట మాత్రం మమ్మల్ని మోసం చేసింది, ఉపాలంభం. ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన రాజు ముందు రాణి చేసేది అదే. నవ్వుతూ ఎదురొచ్చింది కదా, స్వాగతం అనుకున్నాం. కాలేజీలో చేరాక నిఘంటువు చూస్తే నిష్ఠూరమని ఉంది. సెలవులకు వచ్చి, కొంచెం గర్వంగానే, చెప్పాను. నాకు తెలిసి మొదటిసారి మగ్గం ఆగింది.

"అయితే ఆ యమ్మ ఊరికే నవ్వలేదప్పా" అన్నారు. "సొంతోళ్ల మీదనే గదా నిష్ఠూరం. మల్లా మొదట్నుంచి సదువు."

సెలవులకు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చదివాను. ఈలోగా ఉద్యోగం వచ్చింది, చివరి అంకం మిగిలిపోయింది. వస్తా, వస్తా అంటూ మూడేళ్లు గడిపేశాను.

పెద్దకర్మ నాడు వెళ్లాను. చిన్నమ్మ ముఖం చూడాలంటేనే భయమేసింది. ఆమె ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. చివరి అంకం దగ్గర గుర్తుగా ఒక పట్టుపోగు ఉంది.

"దినామూ నీ మీద నిష్ఠూరమే. పాప రాలేదు, పాప రాలేదని" అంది.

సిగ్గుతో తల దించుకోవలసిన మాట. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది.

గుంత పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని చివరి అంకం చదివాను. మగ్గం చప్పుడు లేదు. అయినా అరిచే చదివాను.