నోటుబుక్కులో కొట్టేసిన మాట

ఆ కబురు ముందుగా తెచ్చింది మా కింది వాటాలో ఉండే ముస్లిం పెద్దావిడ. అక్కా అన్నట్టు అందరం ఆమెను ఆపా అంటాం. ఫోను చేతిలో పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కింది.

"డాక్టర్ సాబ్ జవాబు పెట్టిండు బిడ్డా. జల్ది తీస్కరమ్మంటుండు. వేలు తీసేయాల్సొస్తదేమో అంటుండు."

మా ఆయనకు షుగరు. కాలివేలికి పుండై వారమైంది. పొద్దున కట్టు విప్పితే గుప్పుమని ఏదో ఘాటు. మా ఫోను పాడైందని ఆపా ఫోనులో డాక్టరుకు ఇంగ్లీషులో రెండు ముక్కలు నేనే రాశాను. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే డిక్షనరీ ముందేసుకుని నేర్పిన ఇంగ్లీషు అది.

అల్వాల్ దవాఖానకు ఆటోలో పోతుంటే ఆపా కూడా ఎక్కింది. ఇటు నేను, అటు ఆమె, ఎవరి దేవుణ్ణి వాళ్లం తలుచుకుంటూ పెదాలు కదుపుతున్నాం. నడుమ మా ఆయన, "డ్రైవర్‌ను సుత మొక్కమనుండ్రి" అన్నాడు.

డాక్టరు కట్టు విప్పి, వంగి వాసన చూశాడు.

"కాలికి పచ్చడి పెట్టిండ్రా అమ్మా?"

మా ఆయన తల దించుకున్నాడు. వాళ్లక్క తెచ్చిన నాటువైద్యం నూనె నాకు చెప్పకుండా రాసుకున్నాడట. వెల్లుల్లి, కర్పూరం.

"మీరు ప్యూట్రిడ్ అని రాసిండ్రు. అంటే మాంసం కుళ్లిన వాసన. చదివి పరేషాన్ అయిన. ఇది పంజెంట్, ఉత్త ఘాటు. వేలు బాగనే ఉంది. ఆ నూనె మాత్రం మళ్ల రాయొద్దు."

దేవుడా, నీ దయ అనుకుని అక్కడే బల్లమీద కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి దీపం పెట్టి, నాన్న చెప్పిన ఇంగ్లీషు మాటలు రాసుకున్న నా పాత నోటుబుక్కు తీశాను. రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి, రెండింటికీ కలిపి "గట్టి వాసన" అని ఉంది. కొట్టేసి మళ్లీ రాశాను. పంజెంట్: పోపులో ఎండుమిరప. అక్రిడ్: ప్లాస్టిక్ కాలిన పొగ, గొంతు మండుతుంది. రాన్సిడ్: పాతబడ్డ నూనె. మస్టీ: వానాకాలం తెరిచిన చీరల బీరువా. ప్యూట్రిడ్ ఎదురుగా ఏమీ రాయలేదు. దేవుడు అది నాకు చూపించలేదు, అంతే చాలు.

చదివి వినిపిస్తే ఆపా నవ్వింది. పోయినేడు జ్వరమొచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఆమెకు ఏ వాసనా తెలియదు.

"నువ్వు రాస్తుంటే పక్కనే ఉన్న గద బిడ్డా. నా ముక్కు మంచిగుంటే, ఇది లహసున్, ఎల్లిగడ్డ వాసన అని అప్పుడే చెప్పకపోదునా."

ఆమె బగారన్నం దించితే ఆ కమ్మదనం మెట్లెక్కి మా ఇంటిదాకా వస్తుంది. పొయ్యి ముందున్న ఆమెకే తెలియదు. మీరు దీపం పెట్టేటప్పుడో, దువా చేసేటప్పుడో ఆమెను ఒక్కసారి తలుచుకోండి.