మీట మీద పసుపు

చాయ్ మరిగేలోపు చెప్పేస్తాను, కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. ఇది మా అత్త పాట పెట్టె ముచ్చట.

ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టున బతుకమ్మ పాట ఎత్తేది మా అత్తే. మొన్నటి దసరాకు ముందు ఆమె గొంతులో చిన్న కాయలు లేచాయి. మెల్లగా మాట్లాడవచ్చు గానీ పాట మాత్రం బంద్ అన్నారు దవాఖానలో. సద్దుల బతుకమ్మ దగ్గరపడేకొద్దీ అత్తకు అన్నం సయించలేదు.

అంతకు ముందటేడు ఆమె పాడింది ఫోన్‌లో ఉంది కదా, అదే పెడదామన్నాను.

“అది ఉరుకుతుంటే దాని ఎంట నేను ఉరకాల్నా? నేను ఎత్తుమన్నప్పుడు అది ఎత్తాలె,” అంది అత్త.

మా కూతురు కొంగరకలాన్‌లో కంపెనీ పనికి పోతుంది, వైర్లు అతకడం దాని చేతికి అలవాటే. నాయనమ్మ మాట విని పెట్టె మొదలుపెట్టింది. సాంప్లర్ అంటారట. గొంతును ముక్కలుగా దాచుకుని, మీట నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా మూతకు మీటలు, లోపల కోఠిలో కొన్న బోర్డు, పాత రేడియో స్పీకరు. ఫోన్‌లో ఉన్న అత్త పాటనే ముక్కలు చేసి అందులో నింపింది. పండుగ ముందురోజు అత్త వేలు పెట్టగానే అత్త గొంతే పలికింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

పండుగ పొద్దున చూస్తే ‘ఉయ్యాలో’ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతోంది.

“నేను ఎన్నడన్న గిట్ల నత్తి వెట్టిన్నా?” అంది అత్త.

“జర ఆగు నాయినమ్మా.”

కూతురు ప్రోగ్రాం మార్చింది, అతుకులు మళ్లీ అతికింది. అయినా రెండుసార్లే పలుకుతోంది. నేను తంగేడు పూలు సర్దుతూ గడియారం చూస్తున్నాను. చివరికి కూతురు రెండు మీటల వైర్లను అటుదిటు చేసింది. ఇప్పుడు ‘ఉయ్యాలో’ సక్కగా వచ్చింది. పాత మీటకు తగిలించిన వేరే ముక్క నత్తి పెట్టింది.

“పాట మంచిగనే ఉందమ్మా. మీటకే రోగం.”

మీట ఊడదీస్తే లోపలంతా ఎండిన పసుపు. కొత్త సామాను కదా అని తెల్లవారుజామునే అత్త తడి పసుపు రాసి బొట్టు పెట్టిందట.

“పసుపు వెట్టకుండ ఎట్ల నడుపుతరే? మీ బాపు ట్రాక్టర్‌కు పెట్టలేదా?”

“టైరుకు పెట్టిండు, ఇంజన్ల పొయ్యలే నాయినమ్మా.”

అత్త నవ్వబోయి గొంతు పట్టుకుంది. కూతురు పాత బ్రష్షుతో, స్పిరిటుతో మీటను కడిగి ఆరబెట్టి బిగించింది. బొట్టు మాత్రం డబ్బా అడుగున పెట్టుకోమంది.

పొద్దు వాలుతుండగా బతుకమ్మల పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో డబ్బాతో అత్త కూర్చుంది. చప్పట్లు జోరందుకుంటే మీట వెంటనే నొక్కింది, ముసలివాళ్లకు ఆయాసం వస్తే కాసేపు ఆపింది. పాట ఆమె చెప్పినట్టే నడిచింది. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట పసుపు నిండుగా ఉండాలి, మీ పెద్దల గొంతు మీ వాకిట్లో చాలాకాలం వినబడాలి.