నూటతొంభై డిగ్రీలు

మా ఆయన ఇరవై ఏళ్లు పట్టుకు రంగులు వేశాడు. నీళ్ల కాక వేలితోనే చూసేవాడు. కడకు ఆ వేళ్లే మొద్దుబారిపోయాయి, సూది గుచ్చినా తెలిసేది కాదు. ఎరుపు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడసాగింది. మాకు పట్టు ఇచ్చే ఆనేకల్ నేతగాడు రెండుసార్లు ఓర్చుకున్నాడు. మూడోసారి చిలపలు, అంటే పట్టునూలు చుట్టలు, ఇస్తూ, "అప్పా, ఇంకొక్క తూరి చెడితే వేరేవాళ్లకి ఇచ్చుకుంటా. నిష్ఠూరం పెట్టుకోవద్దు" అన్నాడు. అతని పట్టు తప్ప మాకు వేరే పని లేదు.

రంగు పొట్లంలో ఒక కాగితం వచ్చేది. నీళ్లు ఎంత కాగాలో అందులో ఉంటుందన్నారు. నేను మూడో తరగతితో ఆపేసినా ఇంగ్లీషు అంకెలు వచ్చు. చూశాను, నూటతొంభై. థర్మామీటరు కొనడానికి చిక్కపేటకు నేనే పోయాను. ఆయన పోతే అడిగినంత ఇచ్చి వస్తాడు.

అంగడాయన ముందు ఇనుప మొన ఉన్నదొకటి చూపాడు. గట్టి వస్తువుల్లో గుచ్చి చూసేదట. అది మాకెందుకు? నీళ్లలో ముంచే గాజు కడ్డీ అడిగాను.

"పాత డిగ్రీలదా అమ్మా, కొత్త డిగ్రీలదా? మీ కాగితంలో ఏముండాది?"

కాగితం ఇంట్లో ఉంది. రెండు లెక్కలూ ఉన్న కడ్డీ తీశాడు గానీ అది ప్రియం. అప్పుడే కొత్త పైసలు వచ్చి, పాత కాసులు ఇస్తే అంగళ్లలో మొహం చిట్లిస్తున్న రోజులు. రేపు చెల్లని డిగ్రీలకు ఇవాళ డబ్బెందుకు పోయాలని కొత్తదే తెచ్చాను. రెండువందల దాకా గీతలున్నాయి, చాలనుకున్నాను.

రాగి అండాలో చిలపలు దిగాయి. కడ్డీ నేను పట్టుకున్నాను. తొంభై ఏడు దాకా చకచకా ఎక్కి, అక్కడే మొరాయించింది. కట్టెల మీద కట్టెలు తోశాను. నీళ్లు కుతకుతలాడుతున్నాయి.

"మే, మరుగుతా ఉండాది. పట్టు చస్తాది. తీసేస్తా."

"నీ వేళ్ల మాట విన్నది చాల్లే. నూటతొంభై రానీ."

ఆయన కర్రతో చిలపలు తిప్పుతూనే నిలబడ్డాడు. కట్టెలు అయిపోయాయి గానీ నూటతొంభై రాలేదు.

నేతగాడు ఆరిన పట్టు చేతిలోకి తీసుకున్నాడు. మెరుపు లేదు. ఒక పోగు లాగితే పుటుక్కున తెగింది. మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

కడ్డీ పాడైందని వాపసు ఇవ్వబోతే అంగడాయన తీసుకోలేదు. కాగితం చూసి, ఇది పాత లెక్క, కొత్త లెక్కలో ఎనభై ఎనిమిదే అన్నాడు. కొత్త లెక్కలో నీళ్లు నూరు దాటవనీ, ఎన్ని కట్టెలు పెట్టినా అంతేననీ చెప్పాడు.

ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మా ఆయన ఒక మిల్లు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. చిలపలు సరిగ్గా తిప్పలేకపోయానని, అంతా చేతుల వల్లేనని అనుకున్నాడు. రోజూ సాయంత్రం వేళ్లకు ఆముదం రుద్దుకుంటూ, "వీటికి బుద్ధి రాలేదే" అనేవాడు.

నేను ఆముదం వెచ్చబెట్టి ఇచ్చేదాన్ని.